సమాజశాస్త్రంలో మన కొలువెక్కడ?

ప్రతి ఏడూ ఎం.ఏ. అడ్మిషన్ల రోజుల్లో యూనివర్సిటీ మెట్ల మీద మాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. కొడుకునో బిడ్డనో వెంటబెట్టుకొని, సర్టిఫికెట్ల సంచీ చంకలో పెట్టుకొని వచ్చిన తండ్రి, మేము సీనియర్లమని ఎవరో చెబితే పక్కకు పిలుస్తాడు. "సార్, ఈ సోషాలజీ సదివితె ఏం కొలువొస్తది?" అంటాడు. మేము వెంటనే జవాబు చెప్పలేం. తెలియక కాదు. తెలిసినదంతా చెబితే బిడ్డను అటునుంచటే ఊరికి తీసుకుపోతాడేమోనని.

డిపార్టుమెంట్లు మాత్రం తడుముకోవు. వాళ్ళ దగ్గర అచ్చేసిన జవాబుంది. సమాజశాస్త్రం చదివినవారికి అధ్యాపక వృత్తి, పరిశోధన, సివిల్ సర్వీసులు, సంక్షేమ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల్లో సిబ్బంది వ్యవహారాలు, మార్కెట్ సర్వేలు, పత్రికలు - ఇన్ని దారులున్నాయని ప్రాస్పెక్టసులో రాస్తారు. ఈ వ్యాసంలో మేము విమర్శకు తీసుకుంటున్నది ఆ జాబితానే. అది అబద్ధమని అనటం లేదు. దారులున్నాయి, నడిచినవాళ్ళూ ఉన్నారు. మా అభ్యంతరం వేరు. ఊరిలో వృత్తులు కులాన్నిబట్టి ఎలా పంచబడ్డాయో రెండేళ్ళపాటు బోధించే శాస్త్రం, తన సొంత ఇంట్లో పనులు ఎలా పంచుకుంటున్నదో ఒక్క ముక్క చెప్పదు. సిద్ధాంతం ఎవరిది, సర్వే ఫారం ఎవరిది? పుస్తకం అట్ట మీద ఎవరి పేరు, చివరి పేజీ కృతజ్ఞతల్లో ఎవరి పేరు? తండ్రి అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది.

కొలువుల సంగతికి ముందు పాఠాల సంగతి చూడాలి. ఎవరు జ్ఞానులో, ఎవరు కేవలం సమాచారమో విద్యార్థి మనసులో నాటుకునేది క్లాసురూములోనే.

1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సెమినార్లో పాతికేళ్ళ అంబేద్కర్ భారతదేశంలోని కులాల మీద ఒక పత్రం చదివాడు. మరుసటి ఏడు మే నెలలో అది ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చయింది. కులానికి ప్రాణం అంతర్వివాహంలో ఉందని, ఆ కంచె కూలకుండా చూడటానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పుట్టుకొచ్చాయని అందులో వాదించాడు. ఒక వర్గం తలుపులు మూసుకుంటే మిగతావాళ్ళు దాన్ని చూసి మూసుకున్నారని చెప్పటానికి ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త టార్డ్ అనుకరణ సూత్రాలను వాడుకున్నాడు. ఘుర్యే కులం మీద రాసిన ప్రసిద్ధ గ్రంథం 1932 నాటిది. కింది కులాలు పై కులాల ఆచారాలను అనుకరిస్తాయని చెప్పే 'సంస్కృతీకరణ' భావన ఎం.ఎన్. శ్రీనివాస్ కూర్గుల మీద రాసిన 1952 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం, అంతే. సంస్కృతీకరణ మీద పదిహేను మార్కుల ప్రశ్న రాయని ఎం.ఏ. విద్యార్థి ఉండడు. అనుకరణ మీద అంబేద్కర్ ముప్ఫై ఆరేళ్ళ ముందే ఏమన్నాడో క్లాసులో విన్నవాళ్ళు మాలో ఇద్దరంటే ఇద్దరు.

సివిల్ సర్వీసు పరీక్షలో సోషియాలజీ ఐచ్ఛికాంశం. రెండు పేపర్లు, 500 మార్కులు. రెండో పేపరు సిలబసు తీసి చూడండి. కుల వ్యవస్థను అధ్యయనం చేసే దృక్పథాలు అన్న శీర్షిక కింద నాలుగు పేర్లుంటాయి: ఘుర్యే, శ్రీనివాస్, లూయీ ద్యూమా, ఆంద్రె బెతెయి. అంతే. ఆ తర్వాత కొద్ది దూరంలో 'అంటరానితనం - రూపాలు, దృక్పథాలు' అని ఇంకో అంశం ఉంటుంది. మన బతుకు సిలబసులో ఉంది. దాని మీద ఆలోచించిన మన మనిషి పేరు లేదు. యు.జి.సి. నెట్ సిలబసు కొంత నయం. భారతీయ చింతనాపరుల వరుసలో గాంధీ పక్కన అంబేద్కర్‌ను చేర్చారు. కాని చింతనాపరుడు వేరు, శాస్త్రవేత్త వేరు అని చెప్పకనే చెబుతారు కదా! ఆయన్ను దండ వేయటానికి రమ్మంటారు గాని పాఠం చెప్పటానికి రమ్మనరు.

అంబేద్కర్ రాజకీయ నాయకుడు, ఊరిలో కూర్చొని ఫీల్డువర్కు చేయలేదు కదా అని ఒక ప్రొఫెసరు గారు మాతో వాదించారు. మంచిది, ఫీల్డువర్కు సంగతే చూద్దాం. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని 'రాంపుర'లో అధ్యయనం చేస్తూ ఊరి పెద్దమనిషి ఇచ్చిన ఇంట్లో బస చేశారు. బెతెయి 1960ల తొలినాళ్ళలో తంజావూరు జిల్లా 'శ్రీపురం'లో అగ్రహారంలో ఉన్నారు. అగ్రహారంలో ఉన్నందువల్ల చేరికి స్వేచ్ఛగా వెళ్ళటం కుదరలేదని ఆయన తర్వాత నిజాయితీగానే రాసుకున్నారు. మన దగ్గరికొస్తే, ఎస్.సి. దూబే 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ సాంఘిక సేవా విస్తరణ పథకంలో భాగంగా హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేశారు. ఆ పుస్తకం 1955లో వచ్చింది. ఇప్పటికీ గ్రామ అధ్యయనాలకు ఒరవడి అని చెబుతారు. అందులో మాలలున్నారు, మాదిగలున్నారు. ఎవరు చెప్పులు కుడతారు, ఎవరు డప్పు కొడతారు, ఎవరు ఎవరి చేతి నీళ్ళు తాగరు - అన్నీ ఉన్నాయి. మా తాతలు ఏం చేసేవాళ్ళో తెలుసుకోవటానికి మాకు ఆ పుస్తకం అక్కరలేదు. ఆ పని చేస్తూ వాళ్ళు ఏం ఆలోచించేవాళ్ళో తెలుసుకోవాలంటే ఆ పుస్తకంలో దొరకదు.

ఇంకో సంగతి. మాకు దీన్ని తలుచుకున్నప్పుడల్లా నవ్వు, కోపం కలిసి వస్తాయి. 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో శ్రీనివాస్ ఉన్న పరిశోధనా కేంద్రానికి ఎవరో నిప్పు పెట్టారు. రాంపుర మీద ఆయన ఏళ్ళ తరబడి క్రమపరచి పెట్టుకున్న నోట్సు కాలిపోయింది. అప్పుడాయన ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశారు. 1976లో వచ్చిన ఆ పుస్తకం పేరులోనే జ్ఞాపకం ఉంది. మంచి పుస్తకం, మేము ఇష్టంగా చదివాం. మా ప్రశ్న ఒక్కటే. పెద్దమనిషి వాకిట్లో కొన్ని నెలలున్న పరిశోధకుని జ్ఞాపకం శాస్త్రమైనప్పుడు, వాడలో పుట్టి ఇరవై ఏళ్ళు పెరిగిన విద్యార్థి జ్ఞాపకం ఎందుకు 'వ్యక్తిగత అనుభవం' అవుతుంది? మాలో ఒకరు తన ఎం.ఫిల్. తొలి అధ్యాయంలో తన ఊరి చెరువు గురించి, తన తల్లి బిందె పట్టుకొని నిలబడిన చోటు గురించి రాస్తే, మార్జిన్‌లో ఎర్ర సిరాతో 'ఆత్మాశ్రయం' అని వచ్చింది. ఆ అధ్యాయం ఇప్పటికీ పెట్టెలో ఉంది.

చెరువు అనగానే కారంచేడు గుర్తుకు రాకుండా ఉండదు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. తాగే నీళ్ళ చెరువును పశువుల కుడితితో పాడుచేయవద్దని మాదిగపల్లె వాళ్ళు ఎదురు మాట్లాడటంతో మొదలైంది గొడవ. శ్రీనివాస్ చెప్పిన 'ప్రాబల్య కులం' అన్న మాట - భూమి, జనసంఖ్య, అధికారం మూడూ చేతిలో ఉన్న కులం - ఆ ఊరిని అర్థం చేసుకోవటానికి చాలావరకు పనికొస్తుంది. ఆ మాట మేమూ వాడుకున్నాం, కృతజ్ఞత లేకపోలేదు. కాని సంస్కృతీకరణ అక్కడ ఎందుకూ కొరగాదు. మాదిగపల్లె స్త్రీ పై కులాన్ని అనుకరించలేదు. బిందె ఎత్తింది. దెబ్బకు దెబ్బ అన్నది. అణగారినవాడు పైకి రావాలంటే పైవాడిలా మారాలి అని చెప్పే సూత్రంలో బిందె ఎత్తిన మనిషికి చోటు లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపటానికి ముందు అక్కడ దళితుల మీద సాంఘిక బహిష్కరణ నడిచింది. పనికి పిలవరు, సరుకులమ్మరు. అదే ఏడు డిగ్రీ క్లాసుల్లో కులాల మధ్య 'పరస్పర ఆధారం' గురించి పాఠం చెప్పారు. ఇప్పటికీ చెబుతున్నారు. పరీక్షలో మేమూ అదే రాసి పాసయ్యాం, దాచుకోవటం ఎందుకు.

ఇక కొలువులు.

జాబితాలో 'పరిశోధన' అన్న మాట దగ్గర ఆగుదాం. మనవాళ్ళకు ఇందులో మొదట దొరికేది ఇన్వెస్టిగేటరు పని. మాలో ముగ్గురం ఒక సంస్థ చేపట్టిన అధ్యయనంలో రెండు నెలలు పనిచేశాం. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అంశం: గ్రామాల్లో సామాజిక మార్పు. నెల జీతం కాదు, ఫారానికింత అని లెక్క. ఒక ఊళ్ళో పెద్దింటి అరుగు మీద కూర్చుని పేరు, వయసు అడగటం మొదలుపెట్టామో లేదో, ఆ పెద్దాయన "మీరేమోళ్ళు బిడ్డా?" అన్నాడు. కులం మా ఫారంలో ఆరో ప్రశ్న. మేము అడగకముందే అది మాకొచ్చింది. చెప్పినవాడికి చాయి ప్లాస్టిక్ గ్లాసులో వచ్చింది. ఏదో గొణిగి తప్పించుకున్నవాడికి స్టీలు గ్లాసులో వచ్చింది. సామాజిక మార్పు మీద ఇంతకన్నా మంచి సమాచారం ఏముంటుంది? రాత్రి సూపర్‌వైజరుకు చెబితే "అది మన స్టడీలో లేదు, ఫారాలెన్నయినయి?" అన్నాడు. ఏడాది తర్వాత రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. చివరి పేజీలో మా పేర్లున్నాయి. ఒకటి తప్పుగా పడింది.

ఆ పనిలో ఆడపిల్లల కష్టం వేరు. తల్లీబిడ్డల ఆరోగ్యం మీద సర్వే అంటే వాళ్ళనే పంపుతారు. చీకటి పడితే ఎక్కడ పడుకోవాలి, ఏ ఇంటి దొడ్లోకి పోవాలి అన్నది బడ్జెటులో ఉండదు. మా బ్యాచిలో ఇద్దరు అమ్మాయిలు ఇన్వెస్టిగేటర్లుగా వెళ్ళి, చదువే మానుకొని ప్రైవేటు బడిలో చేరారు. వాళ్ళ ఫీల్డు డైరీలు మేము చూశాం. రిపోర్టుకన్నా ఎంతో మేలైనవి.

మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, అనుభవాలు పోగుచేసే శూద్రులు అన్న విభజన ఉందని గోపాల్ గురు 2002లో రాసినప్పుడు చాలామంది పెద్దలు నొచ్చుకున్నారు. ఆ వ్యాసం మాకు కొత్త విషయం చెప్పలేదు. మేము చేస్తున్న పనికి పేరు పెట్టింది. కాకపోతే మాకో చిన్న తగాదా ఉంది. అనుభవం పోగుచేసే మెట్టు కింద ఇంకో మెట్టుంది. తను పోగుచేసిన దాన్ని తన పేరుతో వాడుకునే హక్కు కూడా లేని ఫారాల కూలీ మెట్టు అది. మాదిగ, మాల, ఉపకులాల పిల్లలు ముందుగా చేరేది అక్కడికే.

'అధ్యాపక వృత్తి' సంగతి. ఇంటర్ కాలేజీల్లో సివిక్స్, ఎకనామిక్స్, హిస్టరీలకున్న చోటు సోషియాలజీకి లేదు. కనుక లెక్చరరు కావాలంటే డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ తలుపులే తట్టాలి. దానికి నెట్ లాంటి అర్హత కావాలి. నెట్ సోషియాలజీ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది, హిందీలో ఉంటుంది. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి, తెలుగులో ఎం.ఏ. పరీక్షలు రాసిన పిల్ల ఆ గది గుమ్మం దగ్గరే సగం ఓడిపోతుంది. హిందీ రాష్ట్రాల విద్యార్థికి ఆ బాధ లేదు. దీన్ని ప్రతిభ అంటున్నారు.

ఆ గుమ్మం దాటినా ఇంకో లెక్కుంది. దాన్ని మన విద్యార్థులు వేళ్ళ మీద నేర్చుకోవాలి. 2017 ఏప్రిల్‌లో అలహాబాదు హైకోర్టు రిజర్వేషన్లకు యూనివర్సిటీని కాక డిపార్టుమెంటును యూనిట్‌గా తీసుకోవాలన్నది. 2018 మార్చి 5న యు.జి.సి. దాన్నే ఉత్తర్వు చేసింది. పదమూడు పాయింట్ల రోస్టరులో నాలుగోది ఓ.బి.సి.కి, ఏడోది ఎస్.సి.కి, పద్నాలుగోది ఎస్.టి.కి. సోషియాలజీ డిపార్టుమెంటులో ఉండేది ఎంతమంది? నలుగురు, అయిదుగురు, మహా అయితే ఎనిమిదిమంది. ఆరుగురున్న డిపార్టుమెంటులో ఎస్.సి. పోస్టు సున్న. ఎస్.టి. పోస్టు రావాలంటే మనుమల కాలం దాకా ఆగాలి. దేశమంతా టీచర్లు, విద్యార్థులు రోడ్డెక్కితే 2019 మార్చిలో ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చి, కేంద్ర విద్యాసంస్థల్లో మళ్ళీ సంస్థనే యూనిట్ చేశారు. ఆ ఏడాది కాలంలో కులం, స్తరీకరణ, అసమానత బోధించే విభాగాల నుంచి ఎన్ని గొంతులు లేచాయి? మాకు వినబడినవి ఎక్కువగా రీసెర్చి స్కాలర్లవి. చట్టం వచ్చాక కూడా ఇంటర్వ్యూ గదిలో 'తగినవారు దొరకలేదు' అన్న ముద్ర అలాగే ఉంది. ఏళ్ళ తరబడి గెస్టు లెక్చరరుగా తగినవాడు, పోస్టు పడగానే తగనివాడవుతాడు.

2005-06లో మొదలైన రాజీవ్ గాంధీ ఫెలోషిప్ వల్ల మనవాళ్ళు పిహెచ్.డి. దాకా రాగలిగారు, నిజమే. ఆ డబ్బులో సగం ఇంటికి పంపేవాళ్ళం. అది ఆగితే ఏమవుతుందో 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్న వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

మిగతా కొలువులను గబగబా చెప్పేస్తాం. స్వచ్ఛంద సంస్థల్లో మనవాడు ఆర్గనైజరు, డైరెక్టరు వేరు. వాడలో మీటింగు పెట్టి మనుషుల్ని పోగుచేసేది మనం, ఢిల్లీలో వాళ్ళ గురించి మాట్లాడేది ఇంకొకరు. సివిల్స్ కోచింగు ఫీజులు సంగతి తెలిసిందే. కంపెనీల్లో సిబ్బంది వ్యవహారాలంటే ఎం.బి.ఏ. వాళ్ళను పిలుస్తారు. జాబితాలో ఆఖర్న, తలవంపుగా రాసినట్టుండే ఒక కొలువు మాత్రం మాకు ఇష్టం: సంక్షేమ హాస్టలు వార్డెను. మేము పెరిగింది ఆ హాస్టళ్ళలోనే. మాలో ఒకరి వార్డెను సోషియాలజీ ఎం.ఏ. ఏ పిల్లవాడు దసరా సెలవులకు ఇంటికి పోనంటున్నాడో, ఎందుకు పోనంటున్నాడో నోటుబుక్కులో రాసి పెట్టుకునేవాడు. పోనివాళ్ళలో ఎక్కువమంది తల్లిదండ్రులు వలసపోయినవాళ్ళని తేల్చి, సెలవుల్లో కూడా మెస్సు నడపాలని పై ఆఫీసుకు కాగితం పెట్టాడు. మెస్సు నడిచింది. ఆ కాగితాన్ని ఎవరూ పరిశోధన అనలేదు.

ఇప్పుడు కాలం కొంత మారింది. 1931 తర్వాత దేశంలో కులాలన్నిటినీ లెక్కపెట్టి వివరాలు ప్రకటించిన సెన్సస్ లేదు. లెక్క వద్దని వాదించినవాళ్ళలో సమాజశాస్త్ర ప్రొఫెసర్లు కూడా ఉన్నారు. 2024 నవంబరు 6న తెలంగాణలో ఇంటింటి కులసర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఎస్.సి.లు 17.43 శాతమని ప్రకటించారు. రాబోయే సెన్సస్‌లో కులం లెక్క తీస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రమూ ఒప్పుకుంది. మా వాటా ఎంత అని 1994 నుంచి దండోరా అడుగుతూ వచ్చిన లెక్క ఇదే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్.సి. వర్గీకరణకు దారి ఇచ్చాక ఏ ఉపకులం బడి దాకా వచ్చింది, ఏది యూనివర్సిటీ దాకా వచ్చింది అన్నది కోర్టుల్లో, కమిషన్లలో నిలబడవలసిన సాక్ష్యమైంది. ఇంత పని ముందున్నప్పుడు సమాజశాస్త్రానికి కొలువులు లేవనటం వింత. అయితే ఇల్లిల్లూ తిరగటం వరకేనా మన వంతు, ప్రశ్నలు తయారుచేసే గదిలోనా అన్నది ఇప్పుడే అడగాలి. ఇక్కడ మాలో మాకూ ఒక ప్రశ్నుంది. మా స్టడీ సర్కిల్లో ఎప్పుడూ మాట్లాడేది మాల, మాదిగ కుర్రాళ్ళమే. ఉపకులాల వాళ్ళు ఒకరిద్దరు వస్తారు, వెనక కూర్చుంటారు, వెళ్ళిపోతారు. డక్కలి, చిందు పిల్లలు మా దాకా ఎందుకు రాలేదో మేము ఇంతవరకు రాయలేదు.

ఇంకో తప్పు కూడా మాదే. ఇన్నాళ్ళూ మా ఎం.ఫిల్.లు, పిహెచ్.డి.లు అన్నీ మన మీదే రాశాం: దళిత మహిళలు, దళిత ఉద్యమం, దళిత క్రైస్తవులు. గైడు అదే ఇచ్చాడు, మేము అదే తీసుకున్నాం. అగ్రకులాల పెళ్ళి సంబంధాల మీద, వాళ్ళ కులసంఘాల హాస్టళ్ళ మీద, ప్రైవేటు కాలేజీల యాజమాన్యాల మీద మావాళ్ళెవరూ ఒక్క థీసిస్ రాయలేదు. 1916 నాటి పత్రం అంతర్వివాహం దగ్గర చూడమని చూపిన వేలు అటువైపే ఉంది.

అందుకని ఆ తండ్రికి ఇప్పుడు మేము చెప్పే జవాబు ఇది: "కొలువు కష్టమే పెద్దాయనా. నెట్ కోసం మొదటి సెమిస్టరు నుంచే ఇంగ్లీషు మేము చెబుతాం, ఫీజు లేదు. సర్వే పనికి పోతే కాగితం మీద పేరు, పైసలు రాయించుకొని పోవాలె. బిడ్డ ఏం రాసినా ఒక నకలు ఇంట్ల పెట్టుకోవాలె." కొందరు విని సీటు వదులుకున్నారు. వాళ్ళను తప్పు పట్టం.

నిరుడు చేరినవాళ్ళలో ఒక అమ్మాయి తన డిసర్టేషన్‌కు మ్యారేజి బ్యూరోలను ఎంచుకున్నది. ఒక పట్నంలో ఒకే కులానికి సంబంధాలు కుదిర్చే ఆఫీసులు అయిదు చూసింది. "నీకు లోపలికి రానివ్వరు, సమాచారం దొరకదు" అని డిపార్టుమెంటులో చెప్పారు. మూడు చోట్ల రానివ్వలేదు. రానివ్వని ప్రతిసారీ గుమ్మం దగ్గర ఎవరు ఏమన్నారో, ఏమడిగారో, ఎంతసేపు నిలబెట్టారో రాసుకొచ్చింది. ఆ రాసుకొచ్చినదే రెండో అధ్యాయంగా పెట్టింది. గైడు ఇంకా సంతకం చేయలేదు.